జాతి పత్రమూ, టీకా కార్డూ

ముప్పై ఏడేళ్ళు రక్షణ ఖాతాల శాఖలో పనిచేసి 2019లో రిటైరయ్యాను. చదివింది బీకాం. జీవశాస్త్రం ఇంటర్మీడియట్ తలుపు దగ్గరే ఆగిపోయింది. కాబట్టి కుక్కల గురించి ఈ వ్యాసంలో నేను చెప్పేదంతా ఒక లెక్కలవాడు చదివి, అడిగి, తెలుసుకున్నదే. పొరపాట్లుంటే పశువైద్యులు దిద్దాలి.

సంగతేమిటంటే, 2025 జూన్‌లో బెంగళూరు నుంచి మా అబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్నా, మీరిద్దరే ఉంటున్నారు. పైగా మొన్న రెండు వీధుల అవతల దొంగతనం జరిగిందంటున్నావు. ఒక లాబ్రడార్ పిల్లను తెచ్చుకోండి, డబ్బులు నేను పంపుతాను" అన్నాడు. సికిందరాబాద్‌లో మా కాలనీ నిండా రిటైరయిన సైన్యంవాళ్ళే. సాయంత్రం వాకింగుకి వెళితే మనుషులకంటే కుక్కల పరిచయాలే ఎక్కువ. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, ఒకాయన దగ్గర సైబీరియన్ హస్కీ కూడా ఉంది. సైబీరియా మంచులో బండి లాగడానికి తయారైన కుక్క. మే నెలలో మా దగ్గర దాని అవస్థ చూడాలి. ఏసీ గది దాటి బయటికి రాదు.

నాకూ లోపల కోరిక ఉంది, దాచడమెందుకు? ఉద్యోగంలో చేరిన కొత్తలో మీరట్‌లో ఉండగా అక్కడి సైనిక పశువైద్య కేంద్రం బిల్లులు కొన్ని నా బల్ల మీదకు వచ్చేవి. గుర్రాల దాణా, కుక్కల రేషను. సైన్యం కుక్కలకు శిక్షణ ఇచ్చేది అక్కడే. ఒకసారి పని మీద వెళ్ళినప్పుడు ఒక జవాను పక్కన నడుస్తున్న లాబ్రడార్‌ను చూశాను. ఆయన ఆగితే ఆగింది, కూర్చోమంటే కూర్చుంది. గుమాస్తాగా నెలకు ఎంత జీతమో లెక్కపెట్టుకునే రోజులవి. "ఎప్పటికైనా ఇలాంటి కుక్క ఒకటి మన గుమ్మంలో ఉండాలి" అనుకున్నాను. ఆ 'ఇలాంటి' అన్న మాటలో కుక్క మీది ప్రేమ ఎంతో, హోదా మీది మోజు ఎంతో అప్పుడు విడదీసి చూసుకోలేదు.

సరే, ఊరి చివర ఒక పెంపకందారు దగ్గరికి వెళ్ళాను. పిల్ల ముద్దుగా ఉంది. ముప్పై అయిదు వేలు. "వంశవృక్షం సర్టిఫికెట్‌తో సహా సార్, మూడు తరాలు ఉంటాయి" అన్నాడు. కాగితం చేతికిస్తే ఊరుకునే అలవాటు లేదు కదా. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. తండ్రి పేరు, తల్లి పేరు, తాతలు, ముత్తాతలు. తండ్రి పేరు ఉన్న గడిలోనూ, తల్లికి తాత పేరు ఉన్న గడిలోనూ ఒకే పేరు! అచ్చుతప్పు అనుకుని అడిగాను. "కాదు సార్, అదే మగకుక్క. మంచి లైను. అందుకే మళ్ళీ దానికే కట్టించాం" అన్నాడు గర్వంగా.

మేనరికాలు వద్దని మా హేతువాద సంఘం తరపున ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి నేను. తాతకూ మనవరాలికీ పుట్టిన పిల్లను ముప్పై అయిదు వేలు పోసి కొనబోతున్నాను, అదీ ఆ సంగతి ధ్రువీకరించే పత్రంతో సహా.

తల్లిని చూపించమంటే "ఫారంలో ఉంది" అన్నాడు. వయసెంతంటే "నలభై అయిదు రోజులు" అన్నాడు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఎనిమిది ఏళ్ళు యాభై ఆరు. నలభై అయిదుకు అమ్ముతున్నాడంటే పదకొండు రోజుల తేడా ఉంది. ఆడిట్ అభ్యంతరం రాయడానికి ఆ ఒక్కటి చాలు. "ఆలోచించి చెబుతా" అని వచ్చేశాను.

ఇంటికొచ్చేదాకా ఒకటే ఆలోచన. జాతకాలు చూడొద్దు, కులం చూడొద్దు, పుట్టుకను బట్టి గుణం నిర్ణయించొద్దు అని నలభై ఏళ్ళుగా వాదిస్తున్నాను. కుక్క దగ్గరికి వచ్చేసరికి మొదట అడిగిందేమిటి? "జాతిదేనా?" మన భాషలోనే ఉంది చూడండి, ఒకవైపు 'జాతికుక్క', ఇంకోవైపు 'ఊరకుక్క'. రెండో మాటను మనం తిట్టుగా కూడా వాడతాం.

అయితే తొందరపడి "కుక్కల్లో జాతి కూడా కులంలాంటి అబద్ధమే" అని తేల్చేయడం కూడా హేతువాదం కాదు. కులానికి శరీరంలో ఆధారం లేదు. కుక్కజాతికి ఉంది. మనిషి పనిగట్టుకుని ఎంచి, జతకట్టించి తయారుచేసిందది. లాబ్రడార్ ఎంత ఎత్తు పెరుగుతుందో, బొచ్చు ఎలా ఉంటుందో ముందే చెప్పవచ్చు. మన కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలు తోలడానికి పెంచిన జోనంగి కూడా జాతికుక్కే, కాకపోతే దానికి డ్రాయింగు రూముల్లో గౌరవం లేదు. అసలు ప్రశ్న వేరు. ఆ పత్రం కుక్క స్వభావం గురించి ఎంత చెబుతుంది? ఆరోగ్యం గురించి ఎంత చెబుతుంది?

ఈ రెండింటికీ జవాబులు వెతికాను. స్వభావం మీద 2022లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల గురించి యజమానులను ప్రశ్నలడిగి, వాటిలో రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివారు. ఒక కుక్క ప్రవర్తనకూ ఇంకో కుక్క ప్రవర్తనకూ ఉన్న తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేలింది. చెప్పినమాట వినడం లాంటి కొన్ని గుణాల్లో జాతి ప్రభావం కాస్త ఎక్కువ. ఇట్టే బెదరడం, రెచ్చిపోవడం లాంటివాటిలో దాదాపు లేనట్టే. జవాబులు యజమానులే చెప్పినవి కాబట్టి కొంత తరుగు తీసేసినా, పత్రం మీద నేను పెట్టుకున్న నమ్మకానికి ఇది పెద్ద గండే.

ఆరోగ్యం సంగతిలో మాత్రం నాకూ ఒక మొట్టికాయ పడింది. "జాతికుక్కలకు రోగాలెక్కువ, ఊరకుక్కలు గట్టివి" అని అందరిలాగే నేనూ అనేవాణ్ణి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్యులు తమ ఆస్పత్రి రికార్డుల్లోంచి 27,254 రోగిష్టి కుక్కలను తీసి, వారసత్వంగా వచ్చే 24 రుగ్మతలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. పది రుగ్మతలు జాతికుక్కల్లో ఎక్కువ. ఒకటి, మోకాలి లిగమెంటు తెగడం, సంకరాల్లో ఎక్కువ. మిగతా పదమూడింటిలో తేడా లేదు. లాబ్రడార్ అనగానే అందరం చెప్పుకునే తుంటి కీలు జబ్బు కూడా ఆ పదమూడింటిలోనే ఉంది! ఇంకోపక్క 2021లో 227 జాతుల మీద వచ్చిన అధ్యయనంలో సగటు అంతఃప్రజననం 0.25 దరిదాపుల్లో ఉంది. అంటే తోడబుట్టిన అన్నాచెల్లెళ్ళకు పుట్టిన సంతానంతో సమానం. అలాంటి జాతులకు వైద్యం అవసరం ఎక్కువ పడుతుందని కూడా అందులో ఉంది. మొత్తం మీద జాతికుక్క పద్దులో కొంత నష్టం ఉంది కానీ, నేను ఊహించినంత ఏకపక్షం కాదు.

ఈలోగా మా వీధి చివరి ఇంటి అమ్మాయి కథలోకి వచ్చింది. పశువైద్యం మూడో సంవత్సరం చదువుతోంది. స్కూటరు గుద్ది వెనకకాలు విరిగిన ఒక ఆడకుక్కను తెచ్చి, ఆపరేషన్ చేయించి, వాళ్ళ కారు షెడ్డులో ఉంచింది. నల్లది, ఛాతీ మీద కాస్త తెలుపు. రెండేళ్ళుంటాయని అంచనా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంది. "అంకుల్, మా అమ్మ నెలే గడువిచ్చింది. మీరు కుక్క కోసం చూస్తున్నారట కదా" అంది. ఆ కుక్క నన్ను చూసి తోక ఊపలేదు, మొరగలేదు. కాసేపు చూసి మళ్ళీ పడుకుంది. దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ తెలియవు. ఓపెనింగ్ బ్యాలెన్స్ లేని ఖాతా. అదొక నిజమైన లోటే. ఎవరు కొట్టారో, దేనికి బెదురుతుందో మెల్లగా తెలుసుకోవలసిందే.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకు చెప్పాను. ఉత్సాహంగా 9 శాతం సంగతి, 24 రుగ్మతల సంగతి, అన్నీ. వింటూ కూర్చుంది. చివరికి ఒకే మాట అడిగింది.

"మీ లెక్కలో మా తమ్ముడు ఏ గడిలో వస్తాడండీ?"

ఇక్కడ కొంత వెనక్కి వెళ్ళాలి. 1971లో ఒంగోలు దగ్గరి పల్లెలో మా ఆవిడ తమ్ముణ్ణి వీధికుక్క పిక్క మీద కరిచింది. వాడికి ఆరేళ్ళు, ఈవిడకు తొమ్మిది. ఆ రోజుల్లో కుక్కకాటుకు బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. పైగా పట్నం వెళ్ళి రోజూ వేయించాలి. అంతలో ఎవరో పక్క ఊళ్ళో పసరు మందు ఇచ్చే ఆయన ఉన్నాడన్నారు. పసరు పోశాడు, మంత్రించాడు, ఏడు బావుల్లోకి తొంగి చూపించమన్నాడు. నలభై రోజుల పథ్యం. పథ్యం పూర్తయింది, గాయం మానింది, అందరూ పసరాయన్ని మెచ్చుకున్నారు కూడా. తర్వాత రెండు వారాలకు పిల్లవాడు నీళ్ళ చెంబు చూసి వణికాడు. మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఈవిణ్ణి ఆ గదిలోకి రానివ్వలేదు, కానీ గది తలుపు సన్నగా ఉండేది.

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఈనాటికీ దాదాపు మరణమే. బయటపడకముందు టీకా వేస్తే దాదాపు పూర్తి రక్షణ. పసరు 'పనిచేసినట్టు' కనిపించడానికి కారణం కూడా అదే. కరిచిన ప్రతి కుక్కకూ రేబిస్ ఉండదు. ఉన్నా ప్రతి కాటుకూ జబ్బు రాదు. వచ్చేది వారాలు, నెలల తర్వాత. బతికినవాళ్ళంతా పసరాయన ఖాతాలో జమ. పోయినవాడు మాత్రం "పథ్యం తప్పాడు" అనే పద్దులో ఖర్చు. ఈ ముక్క నేను సభల్లో ఎన్నోసార్లు చెప్పాను. మా బావమరిది ఉదాహరణతోనే చెప్పాను.

ఆ రాత్రి నేను మళ్ళీ అదే మొదలుపెట్టాను. "వాణ్ణి చంపింది కుక్క కాదు, మూఢనమ్మకం..." అంటున్నాను.

"ముప్పై ఏళ్ళుగా మీటింగుల్లో వాడి కథ చెబుతున్నారు" అంది మా ఆవిడ. "నన్నెప్పుడైనా అడిగారా, చెప్పనా అని? నాది మూఢనమ్మకమా? కుక్క కరిస్తే చచ్చిపోతారని నేను కళ్ళతో చూశాను. చెవులతో విన్నాను."

జవాబు లేదు నా దగ్గర. ఆమె భయం మూఢనమ్మకం కాదు. దానికి ఆధారం ఉంది. ఒకే ఒక్క ఉదాహరణ, నిజమే. కానీ ఆ ఉదాహరణ ఆమె తమ్ముడు. ఊహల్లోంచి పుట్టిన భయాన్నీ, అనుభవంలోంచి పుట్టిన భయాన్నీ ఒకే కర్రతో కొడుతూ వచ్చానని నాకు అప్పుడు తట్టింది. క్షమించమన్నాను. కుక్క మాట కట్టిపెట్టాను.

తర్వాత ఆగస్టు వచ్చింది. టీవీ నిండా కుక్కలే. ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని 11వ తేదీన సుప్రీంకోర్టు ఆదేశించింది. 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. ఆపరేషన్, టీకాలు అయిన కుక్కలను పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవాటినీ దూకుడుగా ఉండేవాటినీ తప్ప. కుక్కలంటే ప్రేమ ఉన్నవాళ్ళు దత్తత తీసుకోవచ్చు, కానీ అవి మళ్ళీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత వాళ్ళదే అంది. మా కాలనీ రెండుగా చీలింది. ఒక పక్షం కుక్కల్ని దేవుళ్ళంటుంది, ఇంకో పక్షం యములంటుంది. టీకా గురించి మాట్లాడేవాళ్ళు రెండు పక్షాల్లోనూ తక్కువే. జాతికుక్కలున్న ఒక పెద్దమనిషి "మాది పెడిగ్రీ సార్, దానికి రేబిస్ ఎందుకొస్తుంది?" అన్నాడు. ఆ కుక్కకు టీకా వేయించి మూడేళ్ళయిందట. వైరస్ ముందు మూడు తరాల పత్రం చూసి, తర్వాత లోపలికి రావాలో వద్దో నిర్ణయించుకుంటుందన్న మాట!

ఆ మాట మా ఆవిడ కూడా విన్నది. ఇంటికొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. పడుకోబోయే ముందు అడిగింది. "ఆ అమ్మాయి దగ్గరున్న దానికి టీకా కార్డు ఉందా?"

ఉంది. మర్నాడు తెచ్చి చూపించాను. మందు పేరు, బ్యాచి నంబరు, తేదీ, డాక్టరు సంతకం, మళ్ళీ వేయించవలసిన తేదీ. నాలాగే ఆవిడా ప్రతి గడీ చదివింది. ముప్పై అయిదేళ్ళ కాపురం మరి. "ఇది దానికి. మరి నాకు?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయే చెప్పింది. కరవకముందే మనుషులు వేయించుకునే టీకా ఉంది, పశువైద్య విద్యార్థులందరం వేయించుకుంటాం అని. మొదటి రోజు ఒకటి, ఏడో రోజు ఒకటి, 21 లేదా 28వ రోజు ఇంకోటి. చేతికే. ఆ తర్వాత ఎప్పుడైనా కుక్క కరిస్తే గాయం కడుక్కుని మళ్ళీ రెండు మోతాదులు వేయించుకుంటే సరిపోతుంది. పాత నాటు టీకా, అదే పద్నాలుగు ఇంజెక్షన్లది, 2005 నాటికే మన దేశంలో వాడకం ఆగిపోయింది.

"ముందు నాకు వేయించండి. తర్వాతే కుక్క" అంది మా ఆవిడ.

సెప్టెంబరులో మూడుసార్లు వెళ్ళాం. కుక్క కరవకుండా ఈ టీకా అడిగిన అరవై మూడేళ్ళ మనిషిని చూసి డాక్టరుకే ఆశ్చర్యం. నేనూ వేయించుకున్నాను. మూడోది అయ్యాక ఆవిడ దూది అదుముకుని బెంచీ మీద కూర్చుంది. "ఇంతేనా?" అంది. కాసేపాగి "ఇంతేనా అండీ?" అని మళ్ళీ అంది. ఆ పూట ఇద్దరం నడిచే ఇంటికి వచ్చాం. నేనేమీ వ్యాఖ్యానించలేదు. జీవితంలో మొదటిసారి కావచ్చు.

అక్టోబరులో నల్లకుక్క మా ఇంటికి వచ్చింది. పేరు చిట్టి. పక్కింటావిడ "నల్లది భైరవుడి అంశ, శనివారం రొట్టె పెడితే శనిదోషం పోతుంది" అంది. ఎదురింటాయన "నల్లది గుమ్మంలో ఉంటే అరిష్టం" అన్నాడు. ఇద్దర్నీ ముందు ఒక అభిప్రాయానికి రమ్మన్నాను. ఒకసారి రాత్రి అది ఏడ్చినట్టు ఊళ పెడితే ఎదురింటాయన పొద్దున్నే వచ్చి "ఎవరికో మూడింది" అన్నాడు. మా ఆవిడ "దాని కాలికే మూడిందండీ, చలికి నొప్పి పెడుతోంది" అని లోపలికెళ్ళి గోనెపట్టా తెచ్చి వేసింది.

అంతా సుఖాంతం అని చెప్పను. మొదటి నెలలో చిట్టి రెండు జతల చెప్పులు, ఒక డోర్‌మ్యాటు, నా పెన్షన్ ఫైలు అట్ట నమిలేసింది. స్కూటరు చప్పుడైతే మంచం కిందికి దూరుతుంది. దొంగ స్కూటరు మీద వస్తే ఇక చెప్పేదేముంది! మా ఆవిడ దానికి అన్నం పెడుతుంది కానీ ఇప్పటికీ తల మీద చెయ్యి వేయలేదు. గిన్నె పెట్టి రెండడుగులు వెనక్కి జరుగుతుంది. అదీ ఆవిడ వెనక్కి జరిగేదాకా ఆగి అప్పుడు తింటుంది. ఎవరు నేర్పారో తెలియదు. బహుశా ఎవరూ కాదు.

మా అబ్బాయి మొన్న వచ్చి చూసి "లాబ్రడార్‌కి ఇస్తానన్న డబ్బులు మిగిలాయి కదా నాన్నా" అన్నాడు. లెక్క చూపించాను. ఎముకల డాక్టరు దగ్గరికి మళ్ళీ రెండుసార్లు వెళ్ళాం, టీకాలు, మందులు, కంచెకి జాలీ. ఉచితంగా వచ్చిన కుక్క కూడా ఉచితం కాదు. ఈ సంగతి తెలియక దయతో తెచ్చి, ఖర్చుకు బెదిరి మళ్ళీ వీధిలో వదిలేసేవాళ్ళున్నారు. వాళ్ళకంటే తెచ్చుకోనివాళ్ళే నయం.

కనుక మిత్రులకు నేను చెప్పేది "అందరూ ఊరకుక్కనే తెచ్చుకోండి" అని కాదు. మీ అవసరానికి జాతికుక్కే కావాలంటే కొనండి. కానీ తల్లిని కళ్ళతో చూడండి, వయసు అడగండి, ఆ వంశవృక్షంలో ఒకే పేరు రెండు గడుల్లో ఉందేమో చూడండి. ఆ పత్రం తాతల గురించి చెబుతుంది, టీకా కార్డు ఎదురుగా ఉన్న కుక్క గురించి చెబుతుంది. ఏ కుక్క కరిచినా, ఇంటిదైనా వీధిదైనా, పత్రం ఉన్నా లేకపోయినా, పదిహేను నిమిషాలపాటు ధారగా పారే నీళ్ళ కింద సబ్బుతో కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. లోతు గాయమైతే టీకాతోపాటు గాయం దగ్గర ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ గురించి అడగండి. పసరాయన ఇంకా ఉన్నాడు. ఆయన కొడుకున్నాడు.

సభల్లో మా బావమరిది కథ చెప్పడం మానేశాను. ఇక్కడ రాసే ముందు మాత్రం అడిగాను. మా ఆవిడ చదివి, "తలుపు సన్నగా ఉండేది అన్నారే, అది ఉండనివ్వండి" అంది.

మా వంటగది క్యాలెండరులో చిట్టి తర్వాతి టీకా తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి ఉంది. గీసింది నేను కాదు. మీ ఇంట్లో కుక్క ఉంటే, ఇది చదవడం అయ్యాక లేచి కార్డు తీసి తేదీ ఒకసారి చూడండి.